కొలత లేని పెట్టె

జూన్ 12

మామయ్యకు,

క్షేమంగా చేరాను. అత్తయ్య కట్టిచ్చిన మూట సగం దారిలోనే ఖాళీ అయింది. ఆ సంగతి ఆమెకు చెప్పండి, సంతోషిస్తుంది.

చివరి సంవత్సరం వాళ్లకు సెమినరీ వెనక కొత్త భవనంలో గదులిచ్చారు. మనిషికో గది. పంపు తిప్పితే వేడినీళ్లు. మంచం మీద తెల్ల దుప్పటి. శుక్రవారం పొద్దున మాసిన బట్టలు సంచిలో వేసి తలుపు బయట పెడితే, శనివారం సాయంత్రానికి ఉతికి మడతపెట్టి అక్కడే ఉంటాయి. ఎవరు తీసుకెళతారో, ఎవరు తెచ్చిపెడతారో కనబడరు. భోజనానికి గంట, చదువుకు గంట, పడుకోవడానికి గంట. ప్రార్థన గదిలో నేలంతా తివాచీ, మోకాళ్ల కింద పెట్టుకోవడానికి చిన్న దిండ్లు. మొదటి రోజు దిండు తీసుకోవడానికి సిగ్గేసింది. రెండో రోజు మరచిపోయి తీసుకున్నాను. ఇప్పుడు పక్కవాడికి నేనే అందిస్తున్నాను.

నవ్వకండి, మమ్మల్ని అప్పుడే "అయ్యగారూ" అని పిలుస్తున్నారు. వడ్డించే పెద్దాయన కూడా. ఆయన మీకంటే పెద్దవాడు.

రెండు పనులున్నాయి. ఒకటి, సంఘం సిఫారసు పత్రం ఇందులో పెట్టాను. మా సంఘం ఇతన్ని పాస్టరుగా కోరుతోంది అని సంఘ పెద్దగా మీరు సంతకం చెయ్యాలి. అది లేనిదే చదువయ్యాక పాస్టరుగా అభిషేకం ఉండదు. రెండోది, ప్రసంగ తరగతిలో ఈసారి భూస్థాపన ప్రసంగం నేర్పుతున్నారు. శవపెట్టె ఒకటి ముందు పెట్టుకుని మాట్లాడాలి. ఇక్కడి పాత పెట్టెకు అడుగు ఊడిపోయింది. మా మామయ్య ముప్పై ఏళ్లుగా పెట్టెలు చేస్తున్నాడని గొప్పగా చెప్పేశాను. ఒకటి చేసి లారీలో వేయించగలరా? లోపల ఎవరూ ఉండరు కాబట్టి మామూలు చెక్క చాలు.

మీ మేనల్లుడు

*

జూన్ 20

అల్లుడికి,

ఉత్తరం అందింది. మేం బాగున్నాం. ఈ వారం రెండు పెట్టెలు చేశాను. ఒకటి ఆస్పత్రి వాచ్‌మన్‌కు, ఒకటి కవలల్లో ఒక బిడ్డకు. చిన్న పెట్టెకే ఎక్కువసేపు పట్టింది.

నీ సెమినరీకి పెట్టె చెయ్యను. అలిగి అనడం లేదు. టేపు పెట్టి కొలిచాకే నేను చెక్క కోస్తాను. నువ్వు అడిగిన పెట్టెకు కొలత ఎవరిది? ఎవరిదీ కాదంటే రంపం ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు.

సిఫారసు పత్రం బల్ల సొరుగులో ఉంది. ఏడాది చివర కదా కావలసింది, చూద్దాం.

నీ ఉత్తరం గంటమ్మకు చదివి వినిపించాను. ఆస్పత్రి లాండ్రీ నుంచి తిన్నగా చర్చికి వచ్చింది, చేతులింకా తడిగానే ఉన్నాయి. పాస్టరు లేని ఈ నాలుగేళ్లూ తలుపు తీసేది, ఊడ్చేది, గంట కొట్టేది అన్నీ ఆమే కదా. వేడినీళ్ల దగ్గర "అబ్బో" అంది. బట్టల సంచి దగ్గర ఆపమంది.

"ఆ దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారో కనుక్కోమను. పేరు కావాలి నాకు."

"పేరెందుకే?" అన్నాను.

"నేను ఉతికిన దుప్పట్ల మీద వేలమంది పడుకుని లేచారు. ఒక్కడూ నా పేరు అడగలేదు. మనవాడైనా అడుగుతాడేమో చూద్దామని."

అంతే సంగతులు.

మామయ్య

*

జూలై 3

మామయ్యకు,

పెట్టె చెయ్యనన్నారని చెబితే మా ప్రసంగ అధ్యాపకుడు పగలబడి నవ్వారు. "మీ మామయ్య వేదాంతి, వడ్రంగి కాదు" అన్నారు. చివరికి ప్లైవుడ్డుతో ఒకటి చేయించారు. తేలిగ్గా ఉంది, ఇద్దరం ఎత్తేస్తున్నాం.

తరగతి చూస్తే మీరూ నవ్వుతారు. పెట్టె వేదిక మీద. ముందు వరసలో మావాళ్లే బంధువులుగా కూర్చుంటారు. ఒకడు భర్త, ఒకడు తల్లి, ఒకడు దూరపు చుట్టం. మా లావుపాటి స్నేహితుడికి భార్య వేషం పడింది. వాడు ఎంత ఏడ్చాడంటే ఎక్కిళ్లు మొదలై మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. అధ్యాపకుడు స్టాప్‌వాచీ పట్టుకుని వెనక నిలబడతారు. గొంతుకు మార్కులు, ఆగవలసిన చోట ఆగినందుకు మార్కులు, జేబురుమాలు తియ్యకుండా నిగ్రహించుకున్నందుకు మార్కులు.

మొదటిసారి నాకు ఏమీ రాలేదు. "నీ ప్రసంగంలో మనిషి లేడయ్యా. నిజమైన మనిషిని తీసుకో. నిజమైన వివరం ఒక్కటి చాలు, గుండె కరిగిపోతుంది" అన్నారు. రెండోసారి అలాగే రాశాను. తరగతి మొత్తం ఏడ్చింది. అధ్యాపకుడే కళ్లు తుడుచుకున్నారు. మొదటి బహుమతి నాకే! వచ్చే నెల సెమినరీ పత్రికలో అచ్చవుతుంది. మన చర్చికి ఒక ప్రతి పంపమన్నాను. అందులో ఏముందో ఇప్పుడు చెప్పను.

ఇంకో మాట. చదువయ్యాక రెండేళ్లు ఇక్కడే ట్యూటరుగా ఉండమంటున్నారు. ఈ గదే ఇస్తారట. నాలుగేళ్లు పాస్టరు లేకుండా గడిచింది కదా, మరో రెండేళ్లు ఆగలేరా అని ఒక ఆలోచన. నిర్ణయమేమీ కాదు.

దుప్పట్లు ఉతికేది మెషిన్ అని గంటమ్మకు చెప్పండి.

మీ మేనల్లుడు

*

ఆగస్టు 25

అల్లుడికి,

నిన్న ఆదివారం జరిగింది జరిగినట్టు రాస్తాను.

పత్రిక శనివారం వచ్చింది. అచ్చులో నీ పేరు చూసి అత్తయ్య చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ తిప్పి చూపించింది. లోపల ఏముందో ఎవరం చదవలేదు. ఆదివారం వాక్యం చెప్పే వంతు నాది. నా మాటలు ఎలాగూ చప్పగా ఉంటాయి, మనవాడి ప్రసంగమే చదువుదామనుకున్నాను.

నా చదువు నీకు తెలుసు. అక్షరం మీద వేలు పెడితేనే అది ఏమిటో తెలుస్తుంది. ముందున్నది చూసుకుంటూ చదవడం నాకు రాదు. "ఈ పెట్టెలో నిద్రిస్తున్న తల్లి ఇరవై ఆరేళ్లు ఒక చిన్న చర్చిలో గంట కొట్టింది" అని చదివాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగాను. తాడు పక్కన ముక్కాలి పీట మీద గంటమ్మ కూర్చుని ఉంది.

"ఆపావేం? చదువు. నేనెలా పోయానో నేనూ తెలుసుకోవద్దూ?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే తర్వాతి వాక్యం మీద వేలు పెట్టాను. "ఆమె గంట కొట్టింది ఆరాధన కోసం కాదు. ఇల్లు విడిచి వెళ్లిపోయిన ఒక్కగానొక్క కొడుకు ఏదో ఒక రోజు ఆ శబ్దం విని వెనక్కి తిరుగుతాడని."

ఆ తర్వాత నవ్వు లేదు. ఆమెకు కొడుకున్నాడని సంఘంలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇరవై ఆరేళ్లు ఒకే చూరు కింద ఉన్నాం.

లేచి నిలబడింది. చేతులు కోసుకుపోకుండా తాడు చివర ఒక పాత గుడ్డ చుట్టుకుంటుంది చూడు, దాన్ని విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇక ఈ గంట ఎవరికి కావాలో వాళ్లే కొట్టుకోండి. దేవుడికి కావాలంటే ఆయన్నే కొట్టుకోమనండి" అంది. వెళ్లిపోయింది.

ఆ సంగతి ఆమె నీకెప్పుడు చెప్పిందో నాకు తెలియదు. నీకొక్కడికే చెప్పిందని మాత్రం ఆమె మొహం చూస్తే తెలిసింది.

పెట్టెకు కొలత ఎవరిదని జూన్‌లో అడిగాను. ఇప్పుడు తెలిసింది.

మామయ్య

*

సెప్టెంబరు 2

మామయ్యకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది. దాచుకోను.

నేను ఆమె పేరు రాయలేదు, ఊరు రాయలేదు. సెమినరీలో ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. ఆమె ముందు, అందరి ముందు, వేలు పెట్టి మరీ చదివింది మీరు. ముందొకసారి చదువుకోకుండా వేదిక ఎక్కమని మీకెవరు చెప్పారు? తప్పంతా నా నెత్తిన రుద్దుతున్నారు.

నాకు పదేళ్లప్పుడు చెప్పింది. నన్ను పీట మీద నిలబెట్టి తాడు పట్టించి, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది. ఆ మాట నేను పదమూడేళ్లు మోశాను. దాన్ని విని ఒక హాలు నిండా మనుషులు ఏడ్చారు. అది అవమానమా? ఆమెను నేను గౌరవించాననుకున్నాను.

అసలు సంగతి వేరు. మీకు మొదటినుంచీ ఈ చోటంటే గిట్టదు. వేడినీళ్లు తప్పు, దిండు తప్పు, దుప్పటి తప్పు. చన్నీళ్లలో బతికేవాళ్లే పరిశుద్ధులైతే కప్పలకంటే పరిశుద్ధులెవరు మామయ్యా? మీరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ అలా నేర్చుకున్నవాడే దేవుణ్ణి ఎరుగుతాడని, గ్రంథాలయంలో కూర్చున్నవాడు ఎరగడని ఎక్కడుంది?

సిఫారసు పత్రం నెలాఖరులోగా పంపండి. పంపను అంటే ఆ మాటే రాయండి. సొరుగులో పెట్టి నానబెట్టకండి.

మీ మేనల్లుడు

*

సెప్టెంబరు 11

అల్లుడికి,

కప్పల మాట బాగుంది. అత్తయ్య పడీపడీ నవ్వింది.

ముందుగా చదువుకోకుండా వేదిక ఎక్కడం నా తప్పే.

సంతకం పెట్టను. అడిగావు కనుక రాస్తున్నాను.

ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మ పోయినప్పుడు పెట్టె నేనే చేశాను. నా చెల్లెలి పొడవు నాకు తెలియదా? అయినా టేపు తీసి కొలిచాను. అప్పుడు మనకు కొత్త పాస్టరు. సెమినరీ నుంచి వచ్చి ఆరు వారాలు. మంచి గొంతు, మంచి మనిషి. పెట్టె పక్కన నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆడవాళ్లంతా ఏడ్చారు. చివర చెయ్యి చాపి, "ఈ తల్లి కన్న ముగ్గురు బిడ్డలు ఈ రోజు ఏకాకులయ్యారు" అన్నాడు. అందరూ నీ వైపు చూశారు. నువ్వొక్కడివే ఉన్నావు. నీకు ఏడేళ్లు.

తర్వాత అడిగాను. ఆయనేమీ కంగారుపడలేదు. "క్షమించాలి, అది సెమినరీలో రాసుకున్న ప్రసంగం. మొదటి బహుమతి వచ్చింది" అన్నాడు. అక్కడ తరగతి పెట్టెలో తల్లికి ముగ్గురు బిడ్డలట.

ఆయన చెడ్డవాడు కాదు. దాని గురించి చాలా ఏళ్లు ఆలోచించాను. సెమినరీలో మూడేళ్లు ఆకలి వేసే వేళకు గంట మోగింది, బట్ట మాసే వేళకు సంచి మాయమైంది. అడక్కుండానే అన్నీ వచ్చినవాడికి అడగాలని తోచదు. ఎంతమంది బిడ్డలమ్మా అని ఒక్క మాట అడగాలని ఆయనకు తోచలేదు. అడగడం మరచిపోయినవాడు ప్రార్థన ఎలా చేస్తాడో నాకు తెలియదు.

వేడినీళ్ల మీద నాకేం పగ లేదు. మన ఇంట్లో ఉంటే నేనూ పోసుకుంటాను.

గంట మోగడం లేదు. ఎవరి గడియారం ప్రకారం వాళ్లు వస్తున్నారు. సగం ప్రార్థన అయ్యాక సగం మంది.

మామయ్య

*

సెప్టెంబరు 19

మామయ్యకు,

ఆ రోజు నాకు గుర్తుంది. ఆ తర్వాత చాలా రోజులు మిగతా ఇద్దరి కోసం వెతికాను. పాస్టరు గారే చెప్పారు కదా, ఎక్కడో ఉండే ఉంటారనుకున్నాను. మంచం కింద, చెక్కల కొట్లో, చర్చి వెనక. మీరు వాళ్లను ఎవరింట్లోనో పెంచుతున్నారనీ, నాకు చెప్పడం లేదనీ అనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. అడగకపోవడం సెమినరీలోనే నేర్పుతారనుకోకండి మామయ్యా. మనింట్లోనూ నేర్చుకున్నాను.

సంతకం కోసం ఇది రాయడం లేదు. మీరు పెట్టకపోయినా చదువు ఆపను. చదువుది తప్పు కాదు, ఆ మాట మీద నిలబడతాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నిన్న లెక్క చూసుకుంటే, ఈ ఏడాదిలో పరీక్ష కోసమో ప్రసంగం కోసమో తప్ప బైబిలు తెరిచిన రోజు ఒక్కటీ లేదు. చదివిన ప్రతి మాటా దేనికి పనికొస్తుందా అని చదివాను. మనుషుల్నీ అలాగే చూశానని ఇప్పుడు అనుమానంగా ఉంది.

శుక్రవారం సంచి బయట పెట్టకుండా భుజాన వేసుకుని నేలమాళిగలోకి దిగాను. మెషిన్లు ఉన్నాయి. వాటితో పాటు నలుగురు ఆడవాళ్లున్నారు. ఆవిరికి మొహాలు కనబడలేదు. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు.

"ఏమైనా పోయిందా అయ్యగారూ?" అంది ఒకామె.

"ఏమీ పోలేదు. మీ పేరు తెలుసుకుందామని వచ్చాను."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎవరి మీద ఫిర్యాదు అయ్యగారూ? నేను కాదు, నిన్న నేను సెలవు" అంది.

పేరు లేకుండానే మెట్లెక్కి వచ్చాను.

గంటమ్మ నన్ను రానిస్తుందా? అడిగి రాయండి.

మీ మేనల్లుడు

*

సెప్టెంబరు 27

అల్లుడికి,

మిగతా ఇద్దరి కోసం వెతికావని నాకు తెలియదు. చెక్కల కొట్లో ఎందుకు దూరుతున్నావని ఒకసారి నిన్ను కొట్టాను కూడా. పనుల లెక్క రాసుకునే రోజు పుస్తకం తిరగేసి చూశాను. ఆ రోజు రాసుకున్నది ఇంతే: "వాడు మళ్లీ కొట్లో దూరాడు. మందలించాను." ఎందుకని అడిగినట్టు లేదు.

ఇంకొకటి. నీ తప్పులు నీకు ఉత్తరాల్లో రాస్తూ నా తప్పు రాయలేదు. ఆ ఆదివారం నుంచి నేను గంటమ్మ దగ్గరికి వెళ్లనే లేదు. అయిదు వారాలు. నీ ఉత్తరం వచ్చాకే వెళ్లాను. దుప్పట్లు మడుస్తోంది. తలెత్తలేదు.

"ఇప్పుడు దారి తెలిసిందా?" అంది.

"వాడు చేసిన పనికి నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు."

"ఆ మాట చెప్పకు. వాడి మీద కోపం తెచ్చుకుని దాంట్లో హాయిగా కూర్చున్నావు. కాళ్లు చాపుకున్నావు. దిండొకటే తక్కువ. సెమినరీ వాడిదొక్కడిదేనా?"

నాది కూడా అని ఒప్పుకున్నాను.

నీ సంగతి అడిగాను. "రమ్మను. నోరు అక్కడే వదిలేసి చేతులు తెమ్మను" అంది.

మామయ్య

*

నవంబరు 4

మామయ్యకు,

పోయిన నెల వచ్చినప్పుడు ఆస్పత్రి లాండ్రీలో గంటమ్మ దగ్గర ఏం జరిగిందని మీరు అడగలేదు. నేను చెప్పకుండానే బస్సెక్కాను. మనిద్దరం మారేలోపు యుగాంతం వస్తుంది. అందుకే రాస్తున్నాను.

మొదటి మూడు రోజులు ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తడి దుప్పటి ఒక కొస నా చేతిలో పెట్టి రెండో కొస తను పట్టుకుని తిప్పేది. నేను ఒక మెలి తిప్పేలోపు ఆమె మూడు తిప్పేది. సాయంత్రానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. చూసి, "అచ్చం అయ్యగారి చేతులు" అని పక్కామెతో అంది. నాతో కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం సంచిలోంచి పత్రిక తీసింది. "చదువు. నేను చెప్పిన చోట కొట్టెయ్" అంది. పెన్సిల్ కూడా తనే తెచ్చింది.

"నవ్వుతూ కన్ను మూసింది" అని చదివాను.

"కొట్టెయ్. నేను నవ్వుతూ పోను. పోట్లాడుతూ పోతాను."

"కొడుకును మనసారా క్షమించింది."

"నీతో ఎవడన్నాడు? ఇంకా లేదు. ముందు రమ్మను, మొహం చూశాక ఆలోచిస్తా. కొట్టెయ్."

"ప్రతి గంటలో ఆమె విశ్వాసం మోగింది."

"విశ్వాసమా నా మొహమా. కోపం రా అది. నా పిల్లాణ్ణి చూపించు అని ఇరవై ఆరేళ్లుగా దేవుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా. నువ్వు వచ్చి దానికి పౌడరు రాశావు."

రెండు పేజీల్లో చివరికి రెండు మాటలు మిగిలాయి. ఆమె ఇరవై ఆరేళ్లు గంట కొట్టింది. కొడుకు రాలేదు. ఆ రెంటినీ మళ్లీ చదివించుకుంది. "ఇది నిజం. ఇది చెప్పి, దేవుడున్నాడు అని నిలబడగలిగితే నిలబడు. లేకపోతే కూర్చో. మధ్యలో ఇంకేమీ అతకకు" అంది.

నన్ను క్షమించమని అడిగాను. "నీకూ అదే మాట. ఇంకా లేదు" అంది. కానీ వచ్చేటప్పుడు నా చేతులకు తన మందు రాసింది.

ఇక్కడికి వచ్చాక ప్రతి శుక్రవారం నా దుప్పటి నేనే కిందికి తీసుకెళ్లి వాళ్లతో పాటు పిండుతున్నాను. మొదటి వారం భయపడ్డారు, రెండో వారం నవ్వారు, మూడో వారం నన్ను ఆటపట్టించారు. పోయిన వారం, ఫిర్యాదా అని భయపడిన ఆమె తనంతట తనే పేరు చెప్పింది. ఇక్కడ రాయను. గంటమ్మ అడిగింది కనుక ఆమెకొక్కదానికే చెబుతానని, ఈమెను అడిగి మరీ ఒప్పించుకున్నాను.

మీ మేనల్లుడు

*

నవంబరు 13

అల్లుడికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట నాకోసం, తర్వాత అత్తయ్యకోసం. పౌడరు దగ్గర ఆమె మళ్లీ చదివించుకుంది.

గంట ఇంకా మోగలేదు. తాడు అలాగే వేలాడుతోంది. మేం ఎవరం ముట్టుకోలేదు.

సంతకం పెట్టలేదు. కోపంతో కాదు. నువ్వు ఇంత రాసి ట్యూటరు పని సంగతి ఒక్క ముక్క రాయలేదు. అడగడం నేర్చుకోవాలి కదా, అడుగుతున్నాను. నువ్వు మా దగ్గరికి వస్తావా, అక్కడే ఉంటావా? ఏదైనా సరే, నీ నోటితో చెప్పు.

మామయ్య

*

మార్చి 8

మామయ్యకు,

మీరు అడిగినదానికి జవాబివ్వడానికి నాలుగు నెలలు పట్టింది. మెత్తటి మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఏ జవాబూ తెల్లారేదాకా నిలవదు. రాత్రి వస్తానని, పొద్దున ఉంటానని. మొన్న తేలిపోయింది.

చివరి పరీక్షకు బయటినుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. బహుమతి వచ్చిన ఆ ప్రసంగమే వాళ్లముందు మళ్లీ చెయ్యమని ప్రిన్సిపాల్ గారు నన్ను ఎంచారు. వేరేది చేస్తానన్నాను, ఒప్పుకోలేదు. పెట్టెకు కొత్తగా రంగు వేయించారు. ముందు వరసలో బంధువులు సిద్ధం. మావాడు ఎక్కిళ్లు రాకుండా ముందే నీళ్లు తాగి వచ్చాడు.

నేను వేదిక ఎక్కి పెట్టె మూత తీశాను. ప్లైవుడ్డు కదా, ఒక్కణ్ణే దాన్ని పైకెత్తి లోపల కనబడేలా వాళ్లవైపు వంచాను.

"ఇందులో ఎవరూ లేరు. నా ప్రసంగంలో తల్లి బతికే ఉంది. ఆమె కడుపుకోతను ఆమెను అడక్కుండా తెచ్చి ఇక్కడ బహుమతి కొట్టాను. ఖాళీ పెట్టె ముందు ఏడవడం, ఏడిపించడం నేర్చుకున్నాం. పరుపు మీద పడుకుని శ్రమల గురించి వ్యాసాలు రాశాం. మన దుప్పట్లు ఉతికేవాళ్ల పేర్లు ఈ గదిలో ఎవరికైనా తెలుసా? నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ఇక ఈ ప్రసంగం నా నోట రాదు" అన్నాను. పెట్టె దించి, మూత వేసి, వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

అధ్యాపకుడు అలవాటు కొద్దీ స్టాప్‌వాచీ చూసుకున్నారు. "యాభై సెకన్లు" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు పిలిచి బాగానే మాట్లాడారు. క్షమాపణ రాసిస్తే జూన్‌లో మళ్లీ పరీక్ష పెడతారట, ట్యూటరు పని కూడా ఎక్కడికీ పోదట. "ఆవేశం వయసులో సహజం" అని కాఫీ ఇప్పించారు. ఆ కాఫీ తాగుతూ నాకు భయం వేసింది మామయ్యా. ఎంత బాగుందో! ఇంకో కప్పు ఇస్తే రాసిచ్చేవాణ్ణేమో. సగంలో కప్పు పెట్టేసి, "రాయనండీ" అని వచ్చేశాను.

క్షమాపణ చెప్పుకోవలసింది ఒక్క మనిషికే. ఆమె ఇంకా లేదంటోంది, ఎదురుచూస్తాను.

ఇక్కడి పుస్తకాల మీద నాకు కోపం లేదు. నేర్చుకున్న బైబిలు పాతభాషలు వదిలిపెట్టను, వాటిని తీసుకునే వస్తున్నాను. పట్టా లేదు, అభిషేకం లేదు. పాస్టరుగా సంఘం వద్దంటే చెక్కల కొట్లో పని చేస్తాను. ఎవరు వద్దన్నా ఆదివారం చర్చికి వస్తాను. పెట్టె పక్కన నిలబడాల్సి వస్తే ముందు వాళ్లింటికెళ్లి ఎంతమంది బిడ్డలని అడుగుతాను. ఆపగలిగితే ఆపండి.

ఇరవై రెండో తారీకు బస్సుకు వస్తున్నాను.

మీ మేనల్లుడు

*

మార్చి 16

అల్లుడికి,

సిఫారసు పత్రం మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. ఇప్పుడు దాన్ని అక్కడ ఎవరూ తీసుకోరని తెలుసు. అయినా ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టి రా. మా సంఘం ఇతన్ని పాస్టరుగా కోరుతోంది అని అందులో ఉన్న మాట నిజం. నిన్న అందరినీ అడిగాను. ఇద్దరు వద్దన్నారు. వాళ్లు నన్ను సంఘ పెద్దగా కూడా వద్దన్నవాళ్లే.

నీ ఉత్తరం బుధవారం లాండ్రీకి తీసుకెళ్లి గంటమ్మకు చదివాను. ఈసారి ముందొకసారి చదువుకునే వెళ్లాను. పెట్టె వంచి చూపించిన చోట ఆపమంది.

"మూత తీసి, లోపల ఎవరూ లేరని చెప్పాడా?"

"అవును."

చేతిలోని దుప్పటి మడిచి దొంతర మీద పెట్టింది. తర్వాత, "మూడేళ్లకు అసలు ప్రసంగం పట్టుబడింది వాడికి. పెట్టె ఖాళీ, ప్రభువు సమాధి ఖాళీ అని చెప్పడానికే కదా మనం ఆదివారం ఆదివారం గంట కొట్టేది" అంది.

"అయితే క్షమించావా?" అన్నాను.

"ఇంకా లేదు. దానికీ దీనికీ ముడిపెట్టకు" అంది.

ఆదివారం పొద్దున నేను తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. సంచిలోంచి గుడ్డ తీసి తాడుకు చుట్టుకుంది. ఇన్ని నెలలు ముట్టుకోకపోవడంతో గంట మొదట కదల్లేదు. తిట్టింది. ఎవరినో తెలియదు. తర్వాత మోగింది. ముందుకంటే గట్టిగానే.

దిగగానే ఆ పేరు ఆమెకు చెప్పు. ఎదురుచూస్తోంది.

చర్చి వెనక గదిలో నీకు మంచం లేదు. నీ పొడవు రాసి పంపమందామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ మాట రాయకముందే లేచి వెళ్లి చెక్క కోసేశాను. ఇన్నేళ్లలో టేపు తియ్యకుండా కోసింది ఇదే మొదటిది.

సరిపోకపోతే కాళ్లు ముడుచుకో. దిండు మాత్రం అత్తయ్యను అడుగు.

మామయ్య